మానని కాలిపుండుకు హైపర్‌బారిక్ ఆక్సిజన్: వెళ్లే ముందు, ఛాంబర్‌లో

షుగర్ ఉన్నవారి కాలిపుండు నెలలు గడిచినా మానక, కల్చర్ రిపోర్టులో ఎంఆర్‌ఎస్‌ఏ లాంటి మొండి బ్యాక్టీరియా కనిపిస్తే డాక్టర్లు ఒక్కోసారి హైపర్‌బారిక్ ఆక్సిజన్ రాస్తారు. అంటే ఛాంబర్ అనే మూసిన గదిలో గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పీల్పించే చికిత్స. అది యాంటీబయాటిక్‌కు బదులు కాదు, తోడు మాత్రమే. కుళ్లిన కండ తీయకుండా, కాలికి రక్తం అందుతోందో లేదో చూడకుండా నేరుగా ఛాంబర్‌లోకి పంపే సెంటర్ అయితే లేచి వచ్చేయండి.

ఆక్సిజన్ అందనిచోట తెల్లరక్తకణాలు బ్యాక్టీరియాను మింగినా సరిగా చంపలేవు. అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా ఆక్సిజన్ లేకుండా బ్యాక్టీరియా లోపలికి సరిగా పోవు. అందుకే ఒత్తిడి పెంచి ప్లాస్మాలోనే, అంటే రక్తంలోని ద్రవంలోనే, ఆక్సిజన్‌ను కరిగిస్తారు.

హైదరాబాద్‌లో సెంటర్ వెతుకుతుంటే ముందు అడగాల్సింది రేటు కాదు, "ఎన్ని ఏటీఏ ఇస్తారు?" అని. ఏటీఏ అంటే ఒత్తిడి కొలత; మన చుట్టూ ఉండే మామూలు గాలి ఒత్తిడి సుమారు 1 ఏటీఏ. 2 నుంచి 2.4 ఏటీఏ, సుమారు 90 నిమిషాలు, వారానికి 5 రోజులు, మొత్తం 20 నుంచి 40 సిట్టింగులు. ఇదీ మామూలు లెక్క. వెల్‌నెస్ పేరుతో అమ్మే 1.3 ఏటీఏ మెత్తటి సంచి ఛాంబర్లు ఇన్ఫెక్షన్‌కు పనికిరావు.

ముందుగా ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే లోపలికి వెళ్లకూడదు. ఫిట్స్ వచ్చినా, ఎప్పుడైనా బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందు వాడినా దాచకండి.

ఆ రోజు తలకు కొబ్బరినూనె వద్దు. మనవాళ్లకు ఇదే కష్టం! కానీ చిక్కటి ఆక్సిజన్‌లో నూనె, అమృతాంజనం, వాజ్‌లైన్ ఇట్టే అంటుకుంటాయి. సింథటిక్ చీర, ఫోన్, లైటర్, వినికిడి యంత్రం బయటే ఉంచాలి. వాళ్లిచ్చే నూలు బట్టలే కట్టుకోవాలి. కట్టు కింద ఆయింట్‌మెంట్ ఉంటే నర్సుకు చెప్పండి.

ఖాళీ కడుపుతో వెళ్తే లోపల షుగర్ పడిపోవచ్చు. గ్లూకోమీటర్‌తో చూశాకే ఎక్కాలి. రంజాన్ ఉపవాసం ఉన్నవారు వేళల గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఒత్తిడి పెరిగే మొదటి నిమిషాలే చెవులకు గండం. గుటకలు మింగుతూ, ముక్కు మూసి మెల్లగా ఊదుతూ ఉండండి. నొప్పి మొదలవగానే టెక్నీషియన్‌కు సైగ చేయండి. ఓర్చుకుంటే కర్ణభేరి చిరుగుతుంది. జలుబు ఉంటే ఆ రోజు సిట్టింగ్ మానేయడమే మేలు.

మధ్యలో కొన్ని నిమిషాలు మామూలు గాలి పీల్చుకోమంటారు. ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ రాకుండా చేసే ఏర్పాటది, దాన్ని ఎగ్గొట్టకండి. పెదాలు అదిరినా, చెవుల్లో హోరు వచ్చినా వెంటనే చెప్పాలి.

సిట్టింగులు పెరిగేకొద్దీ దూరపు చూపు కాస్త మసకబారవచ్చు. కోర్సు అయ్యాక కొన్ని వారాల్లో చాలామందికి అదే సర్దుకుంటుంది. ఈలోగా కొత్త కళ్లద్దాలు చేయిస్తే డబ్బు దండగ.