సి డ్రైవ్ ఎర్రబడితే ఫొటోలు డిలీట్ చేయకండి

విండోస్ కంప్యూటర్‌లో 'దిస్ పీసీ' తెరవగానే సి డ్రైవ్ (హార్డ్ డిస్క్‌లో విండోస్ ఉండే భాగం) గీత ఎర్రగా కనిపిస్తే పది శాతం కంటే తక్కువ జాగా మిగిలిందని అర్థం. అప్‌డేట్లు మధ్యలో ఆగిపోతాయి, సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. ఆ టెన్షన్‌లో చాలామంది ముందుగా పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. జాగా తింటున్నది అవి కాకపోవచ్చు.

సమస్య: సి నిండిపోయింది, డి ఖాళీగా ఉంది

మన దగ్గర పాత అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో 500 జీబీ హార్డ్ డిస్క్ ఉంది. అందులో సి కి ఇచ్చింది 80 జీబీ, మిగతాది డి అనే రెండో భాగానికి. తేజ రకం శాంపిల్ ఫొటోలు, లారీ రసీదుల స్కాన్లు, ఒకే బిల్లు మూడు నాలుగు కాపీలు, అన్నీ డెస్క్‌టాప్ మీదే. "సి లో నేనేమీ పెట్టలేదండీ, అన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి" అన్నారు గుమాస్తా గారు. ఆయన తప్పేం లేదు, ఎవరూ చెప్పలేదంతే. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మూడూ మామూలుగా సి లోనే ఉంటాయి.

పరిష్కారం: డి లో డాక్యుమెంట్స్ పేరుతో కొత్త ఫోల్డర్ చేయండి. పాత డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ నొక్కి ఆ కొత్త ఫోల్డర్ చూపించండి. నేరుగా డి డ్రైవ్‌నే చూపిస్తే తర్వాత వెనక్కి మార్చడం తలనొప్పి. మిగతా రెండింటికీ విడివిడిగా ఫోల్డర్లు చేసి ఇలాగే మార్చండి. ఒక్క ఫైలూ డిలీట్ చేయకుండానే సి తేలికవుతుంది.

సమస్య: ఫైళ్లేమీ లేవు, అయినా నిండింది

విండోస్ 10 లో సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ తెరిస్తే ఏది ఎంత తింటోందో కనిపిస్తుంది. 'సిస్టమ్' లెక్క పెద్దగా ఉంటే హైబర్నేషన్ ఫైల్ (హైబర్నేట్ చేసినప్పుడు తెరిచి ఉన్న పనుల్ని విండోస్ దాచే ఫైల్) చూడండి. మామూలుగా అది ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, అంటే 8 జీబీ ర్యామ్‌కి 3 జీబీ పైనే. హైబర్నేట్ వాడని డెస్క్‌టాప్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్' (powercfg /h off) అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది కాబట్టి ఆన్ అవడానికి కాస్త ఎక్కువ టైమ్ పడుతుంది.

విండోస్ 7 నుంచి 10 కి మారినప్పుడు మిగిలే పాత విండోస్ ఫోల్డర్ 'విండోస్ డాట్ ఓల్డ్' కూడా చాలా జీబీలు ఆక్రమిస్తుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్‌ టూల్‌లో 'క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కి 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్' టిక్ చేయండి. ఆ తర్వాత పాత వెర్షన్‌కి వెళ్లలేరు. కొన్ని విండోస్ 10 వెర్షన్లలో ఆ లిస్టులో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ ఉంటే తీసేయండి. విండోస్ తన సొంత ఫైళ్లు దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ (WinSxS) ఫోల్డర్‌ని మాత్రం చేత్తో ముట్టుకోవద్దు, విండోసే పాడవుతుంది.

సమస్య: డిలీట్ చేసినా జాగా రాలేదు

రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి.

సమస్య: పెద్ద వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు

పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి (ఫైల్ సిస్టమ్) ఫ్యాట్32 అయితే అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అనే మరో పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఎక్కుతుంది. ఫార్మాట్‌తో అందులోవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని డి లోకి కాపీ చేసుకోండి. వీడియో ఎక్కాక పెన్‌డ్రైవ్‌లోంచే ఒకసారి ప్లే చేసి చూశాకే సిస్టమ్‌లోది తీసేయండి.