ఒక నెల ప్రపంచ వార్తల దస్త్రం కట్టే పద్ధతి: 1996 నవంబరు నమూనాగా

ఈ పద్ధతి ఏ నెలకైనా పనికొస్తుంది. నమూనాకి 1996 నవంబరునే ఎందుకు తీసుకున్నామో గోదావరి డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నెల 6వ తేదీ రాత్రి కాకినాడకి దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమని తుడిచిపెట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు తోటలుగా నేలకొరిగాయి. ఆ రాత్రి గురించి ఇక్కడ పెద్దవాళ్లెవర్నడిగినా చెబుతారు. అదే రోజు పొద్దున్న అమెరికాలో క్లింటన్ రెండోసారి గెలిచాడన్న కబురు వచ్చిందనీ, దానికి ముందు రోజు పాకిస్తాన్‌లో బేనజీర్ భుట్టో ప్రభుత్వాన్ని అధ్యక్షుడు ఫరూక్ లెఘారీ రద్దు చేశాడనీ మాత్రం చాలామందికి గుర్తుండదు. ఊరి సంగతి, లోకం సంగతి తేదీవారీగా పక్కపక్కన కనిపించేలా చెయ్యడమే ఈ దస్త్రం పని. శాఖా గ్రంథాలయంలో పెట్టినా, హైస్కూల్లో సోషల్ మాస్టారు పాఠానికి వాడుకున్నా, గ్రూప్స్‌కి చదివేవాళ్లు ముందేసుకున్నా ఉపయోగమంతా అందులోనే ఉంది.

పోగుచెయ్యాల్సినవి

నవంబరు దస్త్రానికి నవంబరు పత్రికలు చాలనుకుంటే సగం నెల చేజారిపోతుంది. దినపత్రికలు నవంబరు 1 నుంచి డిసెంబరు 2 దాకా తియ్యండి. 30న రాత్రి జరిగింది 1న వస్తుంది, ముందుగా అచ్చయ్యే జిల్లా ఎడిషన్లో అయితే ఒక్కోసారి 2న వస్తుంది. వారపత్రికలైతే డిసెంబరు మూడో వారం సంచిక దాకా, పక్షపత్రికలైతే డిసెంబరు చివరి సంచిక దాకా కావాలి. 1996లో ఇండియా టుడే ఇంకా పక్షపత్రికే, వారపత్రికగా మారింది 1997లో. ఫ్రంట్‌లైన్ కూడా పక్షపత్రికే. అవుట్‌లుక్, ద వీక్ అప్పట్లో వారానికొకటి వచ్చేవి.

రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనూ, కాకినాడ, ఏలూరు జిల్లా గ్రంథాలయాల్లోనూ అడిగేటప్పుడు "పాత పేపర్లున్నాయా" అనకండి. "1996 నవంబరు, డిసెంబరు బైండ్లు ఉన్నాయా, ఏ పేపరు, ఏ ఎడిషన్" అని చీటీ మీద రాసివ్వండి. జిల్లా పేజీల కోసమైతే "తూర్పు గోదావరి" అనే వెతకాలి. కోనసీమ విడిగా జిల్లా అయింది 2022లో కదా. రిటైరైన మాస్టార్ల ఇళ్లలో అటక మీద వారపత్రికల కట్టలు ఉంటాయి, పాత పేపర్ల కొట్టుకి వెళ్లకముందే అడగండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు, అడుగు స్కేలు, హెచ్‌బీ పెన్సిలు, కెమెరా బాగున్న ఫోను, పేజీ చదునుగా నొక్కిపెట్టడానికి అంచులు అరగదీయించిన గాజు పలక, చివర్లో కుట్టడానికి దబ్బనం, నూలు దారం, రెండు అట్టలు ఉంటే చాలు. పాత పేపరు పక్కన పెన్ను వద్దు. న్యూస్‌ప్రింటు ఇంకుని పీల్చుకుంటుంది, చుక్క పడితే అవతలి పేజీకి కూడా దిగుతుంది.

మూడు తేదీలు

దస్త్రాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒక్కో వార్తకి మూడు తేదీలుంటాయి: జరిగిన తేదీ, దినపత్రికలో వచ్చిన తేదీ, వారపత్రిక కవరు మీది తేదీ. ఈ మూడింటికీ మూడు గడులు గీయాల్సిందే. ఒకే గడిలో రాస్తే, ఆర్నెల్ల తర్వాత ఏది ఏ తేదీయో రాసినవాళ్లకే తెలియదు.

నోట్‌బుక్కులో రోజుకి ఎదురెదురు పేజీలు రెండు, నెలకి 60. ఎడమ పేజీ లోకానికి, కుడి పేజీ డెల్టాకి. ఎడమ పేజీలో జరిగిన తేదీకి రెండు గడులు పడతాయి కాబట్టి గడుల వరస ఇలా ఉండాలి: జరిగిన చోటి తేదీ, మన గడియారం ప్రకారం తేదీ, పేపర్లో వచ్చిన తేదీ, కవరు తేదీ, పత్రిక పేరు-ఎడిషన్-పేజీ, సంగతి ఒక్క వాక్యంలో. దస్త్రంలో వరసక్రమం ఎప్పుడూ జరిగిన తేదీదే.

క్లింటన్ వరస పూర్తిగా నింపి చూద్దాం. పోలింగు 5వ తేదీ మంగళవారం. నవంబరులో న్యూయార్కు మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, ఎండాకాలంలో అయితే తొమ్మిదిన్నర. అక్కడ రాత్రి 9 గంటలకి తేలిన ఫలితం ఇక్కడ 6వ తేదీ పొద్దున్న 7.30కి వచ్చినట్టు. అప్పటికి మన 6వ తేదీ పేపరు గుమ్మంలో పడిపోయింది. కాబట్టి ఫలితాన్ని 7వ తేదీ పేపర్లో వెతకాలి. వరసలో 5, 6, 7 మూడూ పడతాయి, మూడూ సరైనవే.

తుపాను వరస ఇంకో రకం. తీరం దాటింది 6వ తేదీ రాత్రి. జిల్లా ఎడిషన్ ముందే అచ్చుకి వెళ్తుంది గనక 7వ తేదీ పేపర్లో హెచ్చరిక వార్తే ఉండొచ్చు. అసలు నష్టం 8, 9 తేదీల్లో వెతకండి. చెట్లు పడి దారులు మూసుకుపోయిన ఊళ్లకి పేపరు వచ్చే వీలుండదు, ఇళ్లలో దాచిన కట్టల్లో ఆ రోజులే లేకపోతే అది మామూలే. అలాంటి చోట గడిలో "దొరకలేదు" అని రాయండి. పేపరంతా చదివినా ఆ సంగతి కనపడకపోతే "వార్త లేదు" అని రాయండి. ఈ రెంటినీ కలిపేస్తే, ఒక పత్రిక ఫలానా సంగతి పట్టించుకోలేదని అన్యాయంగా తేల్చేసినట్టవుతుంది.

అర్ధరాత్రి అటూ ఇటూ జరిగేవి కూడా ఇబ్బంది పెడతాయి. రష్యా మార్స్-96 అనే అంగారక నౌకని ప్రయోగించిన తేదీ పుస్తకాల్లో నవంబరు 16. మన టైములో అప్పటికే 17 తెల్లవారుజాము 2 దాటింది. ప్రయోగం విఫలమై నౌక తిరిగి భూమ్మీద పడింది. అమెరికా పంపిన మార్స్ గ్లోబల్ సర్వేయర్‌కి ఆ చిక్కు లేదు, 7వ తేదీ అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ రాత్రి పదిన్నర.

కవరు తేదీ

టైమ్, న్యూస్‌వీక్ లాంటి అమెరికా వారపత్రికలు అప్పట్లో కొట్లోకి వచ్చిన రోజుకి దాదాపు వారం తర్వాతి తేదీని కవరు మీద వేసేవి. అచ్చుకి వెళ్లింది దానికీ ముందే. అందుకే కవరు తేదీనుంచి కనీసం పది రోజులు వెనక్కి లెక్కేసి, అప్పటిదాకా జరిగినవే ఆ సంచికలో ఉంటాయనుకుని మొదలుపెట్టండి. పక్షపత్రికలకి ఎడం ఇంకా ఎక్కువ. నవంబరు 15 తేదీ ఉన్న సంచికలో కోనసీమ కనపడకపోతే, తర్వాతి సంచిక చూసేదాకా ఏ మాటా అనకూడదు.

జైరేలో (ఇప్పటి కాంగో) ఉన్న రువాండా శరణార్థుల విషయంలో ఇది మరీ అవసరం. నవంబరు 15న భద్రతా సమితి 1080వ తీర్మానం చేసి తూర్పు జైరేకి బహుళజాతి సేన పంపడానికి అనుమతిచ్చింది. సరిగ్గా అప్పుడే అక్కడి ముగుంగా శరణార్థి శిబిరం ఖాళీ అయ్యి జనం లక్షల్లో రువాండాకి నడక మొదలుపెట్టారు. అంతకు రెండు రోజుల ముందు అచ్చుకి వెళ్లిన కథనం "సేన ఎప్పుడొస్తుంది" అని అడుగుతుంటే అది విలేకరి తప్పు కాదు. కవరు తేదీ పక్కన పెన్సిలుతో "లోపలి చివరి తేదీ" అని ఇంకో అంకె రాసుకోండి. వ్యాసాల్లో ప్రస్తావించిన తేదీల్లో ఆఖరిది ఏదైతే అది.

ఎవరు ఎంత చోటిచ్చారు

నవంబరు 23, శనివారం. బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీ జరిగింది. అదే రోజు హైజాక్ అయిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దగ్గర సముద్రంలో కూలి, అందులో ఉన్న 175 మందిలో 125 మంది చనిపోయారు. ఆదివారం పేపర్లో రెండూ ఉండాలి. ఏది మొదటి పేజీ, ఏది లోపలి పేజీ, ఎంత చోటు అన్నది కొలవండి.

కొలత ప్రకటనల వాళ్లదే: కాలమ్ సెంటీమీటర్. వార్త మూడు కాలమ్‌ల వెడల్పు, 18 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 54. శీర్షికని కలపండి, ఫొటోని విడిగా రాయండి. ఫొటో కలిపేస్తే మిస్ వరల్డ్ లెక్క ఉబ్బిపోతుంది, వార్త ఎంతో తెలియదు. పేపరుకీ పేపరుకీ కాలమ్ వెడల్పు మారుతుంది కాబట్టి ఒక పేపరు అంకెని ఇంకో పేపరు అంకెతో నేరుగా పోల్చకండి, పేజీలో ఎన్నో వంతో చెప్పండి. వారపత్రికల్లో అయితే ప్రకటనలు తీసేసి పేజీల్లో లెక్కపెట్టండి: పావు, అర, ఒకటి.

అంకెలు, పేర్లు

చావుల లెక్క ఎప్పుడూ తేదీతో కలిపి రాయాలి. నవంబరు 12 సాయంత్రం హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఆకాశంలో గుద్దుకున్నాయి. చివరికి తేలిన లెక్క 349. మర్నాటి పేపర్లో వేరే అంకె ఉంటే కొట్టెయ్యకుండా "13న: ఇంత, చివరికి: 349" అని రెండూ ఉంచండి. తుపానుకీ ఇదే పద్ధతి. పోయినవాళ్ల లెక్క, గల్లంతైనవాళ్ల లెక్క వేరువేరు గడుల్లో ఉండాలి. వేటకి వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు మొదట గల్లంతైనవాళ్ల లెక్కలోకే వస్తారు, కలిపేస్తే వాళ్ల కుటుంబాల విషయంలోనే తప్పు రాసినవాళ్లమవుతాం. ఇంగ్లిషు పత్రికల్లోంచి రాసేటప్పుడు మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. ఇక్కడ ఒక సున్నా జారడం మామూలే, రెండుసార్లు సరిచూడండి.

పేర్లు తెలుగులో నాలుగు రకాలుగా అచ్చవుతాయి. రువాండా, ర్వాండా, బుత్రోస్ ఘలీ, బౌత్రోస్ ఘాలీ, తుపాను, తుఫాను. నోట్‌బుక్కు చివరి పేజీల్లో అకారాది పట్టిక రాసి, ఒక రూపం ఖాయం చేసుకుని మిగతావాటి ఎదురుగా "చూ." అని పెట్టండి. జైరే 1997లో మళ్లీ కాంగో అయింది, రెండు చోట్లా రాయండి. ఆ తుపానుకి పేరు లేదు. మన సముద్రాల తుపాన్లకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. కాబట్టి ఊరి పేరుతోనో తేదీతోనో వెతకాలి.

నెలలో తేలని సంగతులకి విడిగా ఒక పేజీ ఉంచండి. నవంబరు 19న ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఘలీ రెండో విడతకి అమెరికా వీటో వేసింది, డిసెంబరులో కోఫీ అన్నన్ ఎంపికయ్యాడు. సెర్బియాలో 17వ తేదీ మునిసిపల్ ఎన్నికల తర్వాత మొదలైన ఆందోళనలు 1997లోకి సాగాయి. "తర్వాత ఏమైంది" అన్న ఒక్క గీత చాలు.

చివర్లో మొదటి పేజీ మీద నెల మొత్తం పన్నెండు సంగతుల్లోకి దించండి. చోటు ఎక్కువ దొరికినవన్నీ పన్నెండులోకి రానక్కర్లేదు. 21న ఆక్స్‌ఫర్డ్‌లో చనిపోయిన నోబెల్ భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్‌కి కాలమ్ సెంటీమీటర్లు తక్కువే వచ్చినా ఆయన ఉండాలి. చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ మన దేశానికి వచ్చినప్పుడు 29న భారత్, చైనా సరిహద్దు వెంట సైనికంగా నమ్మకం పెంచుకోవడానికి చేసుకున్న ఒప్పందం తప్పకుండా ఉండాలి.

పాత పేపర్లు పక్కకి తీసేశాక, కుడి పేజీలో పేపరు చెప్పింది నల్ల సిరాతో, ఊళ్లో పెద్దవాళ్లు చెప్పింది నీలం సిరాతో రాయండి. చెప్పినవాళ్ల వయసు, ఊరు రాస్తే చాలు.

కాగితం సంగతి

ఈ పని వర్షాకాలంలో పెట్టుకోవద్దు. డెల్టా గాలిలో తేమకి పేజీలు మెత్తబడి, తిప్పుతుంటేనే చిరుగుతాయి. సంక్రాంతి నుంచి మాఘం చివరి దాకా మంచి అదను. అతుక్కున్న పేజీల్ని లాగకండి. నీడలో, దూరంగా ఫ్యాను పెట్టి ఒక పూట ఆరనిచ్చి, సన్నటి స్కేలు అంచుని మూల నుంచి లోపలికి నెమ్మదిగా జరపండి. ఒకసారి తడిసి ఆరిన నున్నటి వారపత్రిక పేజీలు అలా కూడా విడిపోవు, ఇంకో ప్రతి వెతుక్కోవడమే దారి. ఎండలో పెట్టకండి, పసుపెక్కి పెళుసవుతాయి. స్టేప్లరు పిన్నులు తుప్పు పడతాయి, తీసేసి దారంతో కుట్టండి. సెల్లోటేపు కొన్నేళ్లకి ఊడిపోయి మరక మిగులుస్తుంది. మైదా జిగురుకి పురుగు చేరుతుంది.

కత్తిరించడం కన్నా ఫొటో తియ్యడం మేలు. కిటికీ పక్క వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పేజీ మీద గాజు పలక పెట్టి, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని, పై సగం ఒకటి, కింది సగం ఒకటి, మధ్యలో రెండు వేళ్ల మందం రెంటిలోనూ వచ్చేలా తియ్యండి. ఫైలు పేరు తేదీతో మొదలవ్వాలి: 1996-11-07, తర్వాత పేపరు పేరు, పేజీ, పై లేదా కింద. పూర్తి పేజీని ఒక్క ఏ4 కాగితం మీదకి జిరాక్సు తీస్తే అక్షరాలు చదవడానికి పనికిరావు, సగం సగం తీయించండి.

పూర్తయిన నోట్‌బుక్కుకి రెండు జిరాక్సు ప్రతులు తీయించి ఒకటి శాఖా గ్రంథాలయానికి, ఒకటి హైస్కూలుకి ఇవ్వండి. అసలుది ట్రంకు పెట్టెలో, కలరా ఉండల్ని గుడ్డలో మూటకట్టి మూలన పెట్టి, వేపాకు పొరల మీద ఉంచండి. లంక గ్రామాల్లో అయితే పెట్టె నేల మీద కాకుండా అటక మీదే ఉండాలి, గోదావరి వరద ఏ ఏడు ఇంట్లోకి వస్తుందో చెప్పలేం.