ఐఆర్‌ఏ చరిత్ర మీద లావుపాటి పుస్తకం చేతికొస్తే, నమ్మొచ్చో లేదో ఎలా చూసుకోవాలి?

ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, అదే ఐఆర్‌ఏ, ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలన పోవాలని తుపాకులు పట్టిన సంస్థ, దాని మీద వచ్చిన పుస్తకాలు ఒక్కోటి అయిదారొందల పేజీలుంటాయి. ఏ రోజు ఏ వీధిలో ఏ కారు ఆగింది, అందులో ఎవరెవరు ఎక్కారు, ఎవరి చేతిలో ఏ తుపాకీ ఉంది, బయల్దేరే ముందు ఎవరు ఎవరితో ఏమన్నారు, అన్నీ కళ్ళకి కట్టినట్టు రాస్తారు, చదువుతున్నంతసేపూ మనమే అక్కడ నిలబడి చూస్తున్నట్టుంటుంది. సరిగ్గా అక్కడే మోసపోతాం. ఇంత వివరంగా రాశాడంటే అన్నీ తెలిసే రాసుంటాడులే అని మనసు దానంతటదే ఒప్పేసుకుంటుంది.

నేనూ మొదట్లో ఒక పుస్తకాన్ని అక్షరం వదలకుండా నమ్మేసి, అందులో ఉన్నదే నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను. కొన్నాళ్ళకి ఇంకో పుస్తకం తీస్తే అదే సంఘటన పూర్తిగా వేరేలా ఉంది. చాలా బాధేసింది, ఎందుకంటే అది ఏ సినిమా కథో కాదు, లొంగిపోయినవాళ్ళని చంపారా లేదా అనే విషయం, దాన్ని తప్పుగా చెప్తే పోయినవాళ్ళకీ వాళ్ళ ఇళ్ళల్లో మిగిలినవాళ్ళకీ అన్యాయం చేసినట్టే. అప్పట్నుంచి ఈ సబ్జెక్ట్ మీద ఏ పుస్తకం పట్టుకున్నా ప్రతి పేజీలో ఒకటే ప్రశ్న అడుగుతున్నాను, "ఈ సంగతి ఈయనకెలా తెలిసింది?" అని. రహస్యంగా పనిచేసే సంస్థ మీటింగుల మినిట్స్ రాసి బీరువాలో దాచుకోదు కదా. మరి రాసినాయనకి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు, అదే చూడాలి.

1. ముందు ఏ ఐఆర్‌ఏ గురించో తేల్చుకోండి

ఐఆర్‌ఏ అనే పేరు ఒక్కటే గానీ ఆ పేరు పెట్టుకున్న సంస్థలు చాలా. 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ వాళ్ళ మీద ఈస్టర్ తిరుగుబాటు, 1919 నుంచి 1921 దాకా బ్రిటిష్ వాళ్ళతో యుద్ధం, 1921 డిసెంబర్‌లో ఒప్పందం, ఆ ఒప్పందం ఒప్పుకునేవాళ్ళూ ఒప్పుకోనివాళ్ళూ రెండుగా చీలి 1922-23లో వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్న అంతర్యుద్ధం, ఇదంతా పాత ఐఆర్‌ఏ. తర్వాత 1956 నుంచి 1962 దాకా, బ్రిటన్ కిందే ఉండిపోయిన ఉత్తర ఐర్లాండ్ సరిహద్దులో దాడులు, అవి ఫెయిలయ్యాయి. 1969 డిసెంబర్‌లో మళ్ళీ చీలిక, ఒకటి అఫీషియల్, ఇంకోటి ప్రొవిజనల్. మామూలుగా టీవీల్లో పేపర్లలో ఐఆర్‌ఏ అంటే ఈ ప్రొవిజనల్సే. అఫీషియల్ వాళ్ళు 1972 మేలోనే కాల్పుల విరమణ ప్రకటించారు. ప్రొవిజనల్స్ నుంచి 1997లో విడిపోయి వచ్చింది రియల్ ఐఆర్‌ఏ, 1998 ఆగస్ట్ 15న ఉత్తర ఐర్లాండ్‌లోని ఒమా ఊళ్ళో 29 మందిని పొట్టన పెట్టుకున్న బాంబు వీళ్ళది.

ఇవన్నీ ఒకే గాటన కట్టేసి "ఐఆర్‌ఏ ఇలా చేసింది" అని రాసుకుంటూ పోయే పుస్తకమైతే మొదటి చాప్టర్లోనే తెలిసిపోతుంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. మన వి.వి.గిరి గారు 1913 నుంచి 1916 దాకా డబ్లిన్‌లో లా చదువుకున్నారు, అంటే తిరుగుబాటు జరిగినప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఆ ఏడాదే ఇండియాకి తిరిగొచ్చేశారు. ఐరిష్ ఉద్యమం తన మీద ఎంత ప్రభావం చూపిందో తర్వాత రోజుల్లో చెప్పుకున్నారు కూడా. ఆ బంధం నిజమే. అయితే ఎప్పుడో కుర్రతనంలో చూసినదాన్ని పెద్దయ్యాక గుర్తు చేసుకుని చెప్పడానికీ, ఆ రోజే రాసిపెట్టడానికీ తేడా ఉంటుంది, గిరి గారి విషయంలోనైనా ఐరిష్ వాళ్ళ విషయంలోనైనా అంతే.

2. పుస్తకం ఏ ఏడాది వచ్చిందో చూడండి

చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ ఈ సబ్జెక్ట్‌లో ఇది ప్రాణం లాంటిది. ఎందుకంటే నిజాలు విడతలు విడతలుగా బయటికొచ్చాయి. పాత యుద్ధంలో పాల్గొన్నవాళ్ళ దగ్గర ఐర్లాండ్ ప్రభుత్వం 1947 నుంచి 1957 దాకా వాంగ్మూలాలు తీసుకుంది, మొత్తం 1,773. అవి తాళం వేసి పెట్టి 2003లో గానీ జనానికి తెరవలేదు. అంటే 1990లలో వచ్చిన పుస్తకం ఎంత గొప్పదైనా వాటిని మొత్తంగా చూసి రాసింది అయ్యుండదు.

1972 జనవరి 30, ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ ఊరు, బ్లడీ సండే అని పేరుపడ్డ రోజు. పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపితే ఆ రోజే 13 మంది పోయారు, ఇంకొకాయన తర్వాత పోయాడు. దాని మీద ప్రభుత్వం విచారణ వేస్తే, అదే ఏడాది వచ్చిన విడ్జరీ రిపోర్ట్ సైనికుల్ని చాలావరకు వెనకేసుకొచ్చింది. 2010 జూన్‌లో రెండో విచారణది, సావిల్ రిపోర్ట్ వచ్చి, చనిపోయినవాళ్ళెవరూ సైనికులకి ప్రమాదం కలిగించే పనేమీ చేయలేదని తేల్చింది, బ్రిటన్ ప్రధాని పార్లమెంట్‌లో నిలబడి క్షమాపణ చెప్పాడు. మధ్యలో 38 ఏళ్ళు. ఆ 38 ఏళ్ళలో వచ్చిన పుస్తకం ఏ రిపోర్ట్ మీద నిలబడి రాశారో చూస్తే రచయిత ఎవరి మాట సులువుగా నమ్మే మనిషో తెలుస్తుంది.

అలాగే ఐఆర్‌ఏ లోపల బ్రిటిష్ వాళ్ళకి పనిచేసిన గూఢచారుల సంగతి. స్టేక్‌నైఫ్ అనే మారుపేరున్న ఏజెంట్, ఐఆర్‌ఏలో ఇన్‌ఫార్మర్లని పట్టుకుని విచారించే విభాగంలోనే ఉండేవాడు. ఫలానా మనిషే అని 2003లో పేపర్లలో పేరొచ్చింది. ఆపరేషన్ కెనోవా అని పోలీసు దర్యాప్తు జరిగి 2024 మార్చిలో మధ్యంతర రిపోర్ట్ ఇచ్చారు, ఆ ఏజెంట్ వల్ల కాపాడిన ప్రాణాల కంటే పోయిన ప్రాణాలే ఎక్కువుంటాయని అందులో చెప్పారు. 2003కి ముందు పుస్తకాల్లో "ఫలానావాడు ద్రోహి అని తేలింది, శిక్షించారు" అని రాసుంటే ఆ తేల్చినవాడెవడు అనేది ఇప్పుడు మళ్ళీ అడగాల్సిందే.

3. ఒక్క సంఘటన పట్టుకుని ఫుట్‌నోట్ల దాకా వెళ్ళండి

మొత్తం పుస్తకం చెక్ చేయడం ఎవరివల్లా కాదు, అక్కర్లేదు కూడా. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. పాత ఐఆర్‌ఏ పుస్తకమైతే నేను తీసే మెతుకు కిల్‌మైకేల్ దాడి.

1920 నవంబర్ 28, ఐర్లాండ్ దక్షిణాన వెస్ట్ కార్క్. టామ్ బ్యారీ నాయకత్వంలో ఐఆర్‌ఏ దళం రోడ్డు పక్కన మాటు వేసింది. రెండు లారీల్లో 18 మంది ఆక్సిలరీలు, అంటే బ్రిటిష్ వాళ్ళు పోలీసులకి సాయంగా దింపిన మాజీ ఆర్మీ ఆఫీసర్లు, వస్తున్నారు. కాల్పులయ్యేసరికి వాళ్ళలో 16 మంది అక్కడికక్కడే పోయారు, తప్పించుకున్న ఒకణ్ణి తర్వాత పట్టుకుని చంపారు, ఒకడు తీవ్ర గాయాలతో బతికాడు. ఐఆర్‌ఏ వైపు ముగ్గురు పోయారు. బ్యారీ చెప్పిందేంటంటే, ఆక్సిలరీలు లొంగిపోతున్నాం అని అరిచారు, అది నమ్మి తన మనుషులు పైకి లేచారు, లేవగానే వాళ్ళని కాల్చేశారు, అందుకే ఎవర్నీ వదలొద్దని ఆర్డరిచ్చాను అని. 1998లో పీటర్ హార్ట్ అనే కెనడా చరిత్రకారుడు అదంతా కట్టుకథ, లొంగిపోయినవాళ్ళని కావాలనే చంపారు అని రాశాడు. పెద్ద గొడవైంది.

హార్ట్ ఆధారాల్లో కొన్ని, పేర్లు చెప్పకుండా వాడిన వెటరన్ల ఇంటర్వ్యూలు. విమర్శకులు కూర్చుని తేదీలు లెక్కగట్టారు. ఆ దాడిలో పాల్గొన్నవాళ్ళలో ఆఖరున బతికున్నాయన చనిపోయిన తర్వాతి తేదీతో అందులో ఒక ఇంటర్వ్యూ ఉందని పట్టుకున్నారు. ఇంకో ఆధారం, బ్రిటిష్ వాళ్ళకి చిక్కిన బ్యారీ రిపోర్ట్ అని చెప్పే కాగితం, అది అసలుదేనా దొంగదా అనేది ఇంకా కొట్లాటే. అలాగని బ్యారీ చెప్పిందంతా అక్షరాలా నిజం అనేయడానికీ లేదు, ఆ దాడిలో ఉన్నవాళ్ళే దాన్ని అందరూ ఒకేలా చెప్పలేదు.

మీ చేతిలో ఉన్న పుస్తకంలో కిల్‌మైకేల్ పేజీ తీయండి. కింద నోట్‌లో ఏముంది? పేరు లేని ఇంటర్వ్యూనా? 1950లలో ఇచ్చిన వాంగ్మూలమా, అంటే 30 ఏళ్ళ తర్వాత చెప్పిన మాటా? ఇంకో పుస్తకం పేరు మాత్రమేనా? రెండు వాదనలూ పాఠకుడి ముందు పెట్టాడా, లేక ఒకటే వాదనని జరిగిపోయిన నిజంలా చెప్పేసి ముందుకెళ్ళిపోయాడా? ఈ పది నిమిషాల పని చేస్తే మిగతా పుస్తకం మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో అర్థమైపోతుంది.

4. నోరు విప్పినవాళ్ళు ఎందుకు విప్పారో అడగండి

ప్రొవిజనల్స్ మీద పుస్తకాల్లో సగం బలం ఇంటర్వ్యూలే. 2001 నుంచి కొన్నేళ్ళపాటు అమెరికాలోని బోస్టన్ కాలేజ్ తరఫున మాజీ ఐఆర్‌ఏ వాళ్ళనీ, అటు లాయలిస్టుల్నీ, అంటే ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తోనే ఉండాలని ఆయుధాలు పట్టిన ప్రొటెస్టెంట్ వర్గం వాళ్ళనీ (ఐఆర్‌ఏకి మద్దతు ఎక్కువగా కాథలిక్కుల్లో), కూర్చోబెట్టి టేపుల్లో రికార్డ్ చేశారు, మీరు పోయాకే బయటపెడతాం అని మాటిచ్చారు. 2011లో ఉత్తర ఐర్లాండ్ పోలీసులు ఆ టేపులు కావాలని అమెరికా కోర్టుల ద్వారా నోటీసులిప్పించారు, ఇచ్చిన మాట నిలబడలేదు. 2019లో బెల్ఫాస్ట్ కోర్టు ఒక కేసులో అలాంటి టేపుని నమ్మదగ్గ సాక్ష్యం కాదని పక్కన పెట్టింది. ఆ టేపుల్లో మాట్లాడిన మాజీ ఐఆర్‌ఏ వాళ్ళలో చాలామంది 1998 శాంతి ఒప్పందం నచ్చక నాయకత్వం మీద కోపంతో ఉన్నవాళ్ళే అని విమర్శ ఉంది. కోపం ఉన్నంత మాత్రాన అబద్ధం చెప్పారని కాదు, కడుపు మండిన మనిషి నిజమే చెప్పొచ్చు, కానీ ఎవరి మీద మండుతోందో పాఠకుడికి చెప్పకుండా ఆ మాటలు వాడుకుంటే అది రచయిత తప్పు.

ఇంకోవైపు చూడండి. ఐఆర్‌ఏకి దగ్గరి రాజకీయ పార్టీ షిన్ ఫెయిన్ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్ 2001లో తాను 1972లో డెర్రీలో ఐఆర్‌ఏ సెకండ్ ఇన్ కమాండ్‌ని అని ఒప్పుకున్నాడు. అదే పార్టీకి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న జెర్రీ ఆడమ్స్ తానెప్పుడూ ఐఆర్‌ఏ సభ్యుణ్ణి కాదనే ఇప్పటిదాకా చెప్తున్నాడు. వేరేవాళ్ళు ఉన్నాడని చెప్పారు. మంచి పుస్తకం ఆయన కాదన్న సంగతీ రాస్తుంది, ఉన్నాడన్నది ఎవరో వాళ్ళ పేర్లూ రాస్తుంది.

5. చనిపోయినవాళ్ళ లెక్క, వాడిన మాటలు

1969 నుంచి మొదలైన ఆ గొడవల్లో, అక్కడివాళ్ళు ట్రబుల్స్ అంటారు, 3,500 మందికి పైగా పోయారు. అందులో దగ్గర దగ్గర సగం, సుమారు 1,700 మంది, ప్రొవిజనల్ ఐఆర్‌ఏ చేతిలో. లాయలిస్టుల చేతిలో 1,000కి పైగా, బ్రిటిష్ బలగాల చేతిలో సుమారు 360. ఈ మూడు అంకెల్లో ఒకటి మాత్రమే చెప్పి మిగతావి మింగేసే పుస్తకాన్ని అక్కడే పక్కన పెట్టండి. మాటల సంగతి త్వరగానే తెలుస్తుంది, డెర్రీ అంటాడా లండన్‌డెర్రీ అంటాడా, ఉత్తర ఐర్లాండ్ అంటాడా ఆరు కౌంటీలు అంటాడా, వాలంటీర్ అంటాడా టెర్రరిస్ట్ అంటాడా (డెర్రీ, ఆరు కౌంటీలు, వాలంటీర్, ఇవి ఐఆర్‌ఏ వైపు వాళ్ళ మాటలు). ఏ మాట వాడినా పర్లేదు, రచయిత ఎటు నిలబడ్డాడో మనకి తెలిస్తే చాలు.

6. చివరిగా, రచయితకి ఇబ్బందిగా ఉండే పేజీ వెతకండి

నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. 1976 జనవరి 5 సాయంత్రం, ఉత్తర ఐర్లాండ్‌లోని సౌత్ అర్మాలో కింగ్స్‌మిల్ అనే చోట, బట్టల మిల్లులో పని ముగించుకుని ఇంటికెళ్తున్న కూలీల మినీబస్ ఆపారు. మీలో కాథలిక్ ఎవరు అని అడిగారు. ఉన్నది ఒక్కడే. వచ్చినవాళ్ళు లాయలిస్టులనుకుని, వాణ్ణే చంపుతారని భయపడి, పక్కనున్న ప్రొటెస్టెంట్ స్నేహితులు నోరెత్తొద్దని వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వాణ్ణి పొమ్మని పంపేసి మిగతా 11 మంది మీద కాల్పులు జరిపారు, 10 మంది పోయారు, ఒకాయన ఒంట్లో 18 తూటాలతో బతికాడు. ఐఆర్‌ఏ మాకు సంబంధం లేదంది, ఇంకేదో దళం పేరుతో ప్రకటన వచ్చింది. 2011లో పాత కేసులు చూసే పోలీసు టీమ్ ఇది ఐఆర్‌ఏ పనే, మతం చూసి చంపారు అని రిపోర్ట్ ఇచ్చింది. దీనికి ముందురోజు సాయంత్రమే రెండు ఇళ్ళల్లోకి దూరి లాయలిస్టులు కాల్చితే ఆరుగురు కాథలిక్కులు పోయారు.

ఐఆర్‌ఏ మీద అభిమానం ఉన్నాయన రాస్తే కింగ్స్‌మిల్ దగ్గర ఎన్ని లైన్లు రాశాడో చూడండి, ఐఆర్‌ఏ అంటే పడనాయన రాస్తే ముందురోజు సాయంత్రం గురించి ఎన్ని లైన్లు రాశాడో చూడండి. ఆ దళం పేరుని అలాగే వదిలేశాడా, దాని వెనక ఎవరున్నారో చెప్పాడా? వెనక ఇండెక్స్‌లో జీన్ మెక్‌కాన్విల్ పేరు కూడా వెతకండి, 10 మంది పిల్లల తల్లి, 1972 డిసెంబర్‌లో బెల్ఫాస్ట్‌లో ఇంట్లోంచి ఎత్తుకెళ్ళిన ఐఆర్‌ఏ, ఆమెని చంపి పాతిపెట్టింది, 2003 ఆగస్ట్‌లో గానీ ఒక బీచ్‌లో శవం దొరకలేదు. ఆమె ఇన్‌ఫార్మర్ అని ఐఆర్‌ఏ అంది, పోలీసుల మీద ఫిర్యాదులు చూసే ఉత్తర ఐర్లాండ్ పోలీస్ అంబుడ్స్‌మన్ విచారించి అలాంటి ఆధారమేదీ లేదంది. రచయిత ఈ రెండోది కూడా రాశాడా?

ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఎక్కడ "ఈయనకెలా తెలిసింది" అన్నదానికి జవాబు దొరకలేదో అక్కడ మార్జిన్‌లో చిన్న ప్రశ్న గుర్తు పెట్టండి, రెండో పుస్తకం తెచ్చుకున్నప్పుడు మొదటి పేజీ నుంచి కాకుండా ఆ గుర్తులున్న చోట్ల నుంచే చదవడం మొదలుపెట్టండి.