పాత బండి హబ్ వేడెక్కితే, జాయింటు మోగితే: గ్రీజు ఎంపికలో సమస్యలు - పరిష్కారాలు

సమస్య: చక్రం నడుమ బేరింగులుండే హబ్ చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది; బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోంది

పీలేరు నుంచి వస్తూ భాకరాపేట ఘాట్ దిగిన నా పాత జీపు, చంద్రగిరి దగ్గర బ్రేకు తొక్కగానే ఎడమకు లాగింది. ఎడమ బ్రేకులను రెండుసార్లు సర్దించినా గుణం కనబడలేదు. చివరకు కుడి బ్రేకు డ్రమ్ విప్పి చూస్తే, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే షూల మీద నూనె మెరుస్తున్నది. హబ్ మూత తీయగానే లోపలి గ్రీజు పలచటి చల్లలా వేళ్ల మీదుగా జారిపోయింది. గ్రీజు పట్టిన కుడి షూ పట్టు కోల్పోయినందువల్ల బండి పట్టు ఉన్న ఎడమవైపుకు లాగిందన్నమాట. తప్పు ఒక పక్క ఉంటే మందు ఇంకో పక్క వేశాను.

కారణాన్ని వెదికేటప్పుడు ముందుగా బ్రేకు పట్టేయడాన్నీ బేరింగు వేడినీ వేరు చేయాలి. చదునైన రోడ్డు మీద, బ్రేకు వీలైనంత తక్కువగా వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, రెండు పక్కల హబ్‌లనూ చేతి వెనుకభాగంతో తాకి పోల్చాలి. హబ్ కంటే డ్రమ్ అంచు ఎక్కువ కాలుతుంటే బ్రేకు విడవడం లేదని అర్థం. హబ్ నడుమే ఎక్కువ వేడిగా ఉంటే బేరింగును చూడవలసిందే.

బేరింగుదే తప్పయితే దానికి సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. మొదటిది తక్కువ వేడికే కరిగే గ్రీజు. గ్రీజు అంటే నూనెను స్పాంజిలా పట్టి ఉంచే సబ్బు అనుకోవచ్చు. ఆ సబ్బును బట్టి అది కరిగే వేడి మారుతుంది. పాతకాలపు కాల్షియం గ్రీజు సుమారు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, మామూలు లిథియం గ్రీజు సుమారు 190 దగ్గర, లిథియం కాంప్లెక్స్ 250 దాటాక కరుగుతాయి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఘాట్‌లో బ్రేకుల వేడి కూడా దానికి తోడయితే, బండి అడుగు కీళ్లకు వాడే చవక ఛాసిస్ గ్రీజు హబ్‌లో నిలవదు. రెండో కారణం కలగలుపు. లోపల ఏ గ్రీజు ఉందో తెలుసుకోకుండా దాని మీదే కొత్తది కూరితే, ముఖ్యంగా సబ్బుకు బదులు బంకమట్టి వాడిన గ్రీజు మీద లిథియం గ్రీజు పడితే, రెండూ తమ పట్టు విడిచి నీరుగారిపోతాయి. నా జీపులో జరిగింది ఇదేనని నా నమ్మకం, ఎందుకంటే అంతకు ముందు షెడ్డులో పాతది కడగకుండానే పైన ఎర్ర గ్రీజు పూశారు. ఎరుపైనా నీలమైనా రంగు కేవలం రంగే. దాన్ని చూసి జాతిని పోల్చుకోలేము. మూడోది అతి ప్రేమ: హబ్‌ను నిండా కూరితే గ్రీజు చిలకబడి తనంతట తానే వేడెక్కి, కారకుండా ఆపే సీలును తోసుకుని బయటికి వస్తుంది.

పరిష్కారంగా, డబ్బా మీద గ్రీజు గట్టిదనాన్ని చెప్పే నంబరు ఎన్‌ఎల్‌జీఐ 2 అనీ, లిథియం కాంప్లెక్స్ అనీ, వీలైతే జీసీ-ఎల్‌బీ అనీ ఉన్న గ్రీజు తీసుకోవాలి. ఇందులో జీసీ చక్రాల బేరింగులకు, ఎల్‌బీ ఛాసిస్ కీళ్లకు సంబంధించిన ప్రమాణాలు. బేరింగులను కిరోసిన్‌లో రంగు దిగడం ఆగేదాకా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. గాలి గొట్టంతో గిర్రున తిప్పడం ప్రమాదకరం. అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దానిలోకి అదుముతూ, రోలర్ల సందుల్లోంచి అవతలికి వచ్చేదాకా నింపాలి. హబ్ ఖాళీని మూడో వంతు నుంచి సగం దాకా నింపితే చాలు. నూనె సీలు కొత్తది వేయాలి. చక్రం తిప్పుతూ బేరింగు నట్టును చక్రం పట్టేసేదాకా బిగించి, జీపుల్లో ఆరో వంతు చుట్టు వెనక్కి వదలాలి.

సమస్య: గ్రీజు పాల కాఫీ రంగుకు తిరిగింది

సీలులోంచి నీళ్లు చేరాయి. సీలు మార్చి, నీటికి సులభంగా లొంగని కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు వాడితే మంచిది. వంకల్లో, మళ్లలో దిగే ట్రాక్టర్లకూ ట్రెయిలర్లకూ ఇదే నా సలహా.

సమస్య: వేగంతో పాటు పెరిగే గుర్రుమనే మోత

రోలర్ల మీద గుంటలు పడినట్టే. ఏ గ్రీజూ దీన్ని మాన్పలేదు. బేరింగును బయటి గిన్నెతో సహా మార్చాలి.

సమస్య: క్లచ్ వదలగానే గేరుపెట్టె నుంచి యాక్సిల్‌కు శక్తి పంపే షాఫ్టు దగ్గర "టక్" మంటోంది, నెమ్మదిగా పోతుంటే చిర్రుమంటోంది

ఆ షాఫ్టు కొసన ఉండే కీలే యూనివర్సల్ జాయింటు. చిర్రుమనేది ఎండిన జాయింటు, టక్కుమనేది అప్పటికే అరిగినది. దాని లోపలి సన్నని సూది రోలర్లు తక్కువ కదలికతో ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి దీనికి అధిక ఒత్తిడిని తట్టుకునే ఈపీ గుణం ఉన్న లిథియం 2వ నంబరు సరిపోతుంది. మాలిబ్డినం కలిసిన నల్లటి మాలీ గ్రీజును, ముందు చక్రాలు మలుపు తిరిగే ఇరుసులైన కింగ్ పిన్నుల వంటి రాపిడి చోట్లకు దాచుకోవచ్చు. చేతి గన్నుతో నిపుల్ ద్వారా, జాయింటు నడుమ ఉన్న ప్లస్ ఆకారపు క్రాసు కాళ్ల చివర్లను మూసే నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు కనబడేదాకా ఎక్కించాలి. ఒక కప్పు నుంచి రాకపోతే అక్కడి దారి పూడుకుపోయినట్టే. క్రాసును విప్పి, దాని కాళ్ల మీద గోటికి తగిలే గాట్లు ఉన్నాయేమో చూడాలి. ఉంటే క్రాసు మార్చక తప్పదు.

సమస్య: పాత జీపు ముందు యాక్సిల్ చివరి గుండు నుంచి కారుతోంది

ఆ గుండును కప్పుతూ చక్రంతో పాటు మలుపు తిరిగే, మూసి ఉన్న నకిల్‌లో గట్టి గ్రీజు పెడితే అది గోడకు అతుక్కుపోయి పై పిన్ను బేరింగును చేరదు. ఒట్టి గేరాయిలు పోస్తే రాత్రికి రాత్రే నేల మీదికి వస్తుంది. రెంటినీ కలిపి రుబ్బే షెడ్లున్నాయి గాని, కొన్నాళ్లకు నూనె వేరై మళ్లీ అదే మరక పడుతుంది. ఎన్‌ఎల్‌జీఐ 0 లేదా 00 నంబరు అర్ధద్రవ గ్రీజు దీనికి సరైనది. అయితే గుండు మీద తుప్పు గుంటలు ఉంటే ముందు వాటిని నునుపు చేయించాలి, లేకపోతే కొత్త సీలు నెల తిరగకముందే చిరిగిపోతుంది.