ప్రపంచ ధాన్యం లెక్క – 3వ పాఠం: గాదెలో ఎంత ఉంది, ఎవరి గాదెలో ఉంది?

ముందు పోయిన పాఠం ప్రశ్నకు జవాబు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) పట్టికల్లో ప్రపంచ వరి పంట దాదాపు 80 కోట్ల టన్నులని ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అదే పంట 52 కోట్లు. ఎవరిది తప్పని అడిగాను.

ఇద్దరిదీ ఒప్పే. మొదటిది వడ్లు, రెండోది బియ్యం. మన దగ్గర మిల్లరు ప్రభుత్వానికి క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. 75 కిలోల బస్తాను మరాడిస్తే 50 కిలోల బియ్యం వస్తాయని ఊళ్లో వేసుకునే లెక్క కూడా ఇదే. 80ని 0.67తో గుణిస్తే 53 దాటుతుంది. మర దిగుబడి దేశానికో తీరుగా ఉంటుంది కాబట్టి ఆ కాస్త తేడా వస్తుంది. ఏ పట్టిక తెరిచినా అది వడ్ల లెక్కా, బియ్యం లెక్కా అన్నది మొదట చూసుకోండి. అక్కడ పొరబడితే ఆ తర్వాత వేసే ప్రతి లెక్కా మూడో వంతు తప్పుతుంది.

ఇక ఈ పాఠం. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆ వారాంతంలో డాలస్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. అక్కడి ఇండియన్ దుకాణం ముందు పొద్దున్నే వరుస కట్టారట, ఇంటికి ఒక్క బస్తానే ఇస్తున్నారట. "అన్నయ్యా, ఇండియాలో బియ్యం అయిపోయాయా?" అని అడిగింది.

అయిపోలేదు. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో జులై 1 నాటికి కనీసం 135 లక్షల టన్నుల బియ్యం ఉండాలన్నది బఫర్ నియమం. ఆ రోజున ఉన్నవి అంతకంటే చాలా ఎక్కువ. మరి డాలస్‌లో బస్తాకు రేషన్ ఎందుకొచ్చింది? దీనికి జవాబు చెప్పగలగాలంటే నిల్వల పద్దు చదవడం రావాలి. నేటి పాఠం అదే.

ప్రపంచ పట్టిక జోలికి వెళ్లే ముందు ఒక ఇంటి పద్దు వేద్దాం. అంకెలు అభ్యాసం కోసం నేను అనుకున్నవి. సంక్రాంతికి పురి కట్టేనాటికి పాతవి 12 బస్తాలు ఉన్నాయి. కొత్త పంట 70 వచ్చింది. మొత్తం 82. ఏడాది తిండికి 24, విత్తనాలకు 3, కూలికి కొలిచినవి 5, అమ్మినవి 36. మొత్తం 68 పోయాయి. మిగిలినవి 14.

ప్రపంచ పట్టికలో వరుసలు కూడా సరిగ్గా ఇవే: ప్రారంభ నిల్వ, ఉత్పత్తి, దిగుమతి ఒకవైపు, వినియోగం, ఎగుమతి, చివరి నిల్వ మరోవైపు. రెండు వైపులా సరిపోవాలి. నిన్నటి చివరి నిల్వే నేటి ప్రారంభ నిల్వ. ఇంతకు మించిన గణితం ఇందులో లేదు.

ఇప్పుడు ఆ 14 బస్తాలు ఎక్కువా తక్కువా? బస్తాల సంఖ్య చూసి చెప్పలేం. తినేవాళ్లు ఎందరన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే చివరి నిల్వను వినియోగంతో భాగిస్తారు. దీన్ని నిల్వ–వినియోగ నిష్పత్తి అంటారు. ఇంటి వాడకం 32 బస్తాలతో (24, 3, 5) భాగిస్తే 44 శాతం. అమ్మినవి కూడా కలిపి 68తో భాగిస్తే 21 శాతం. రెండూ వాడుకలో ఉన్నాయి. ఎగుమతి చేసే దేశం లెక్క వేసేటప్పుడు రెండోదే పట్టుకోండి. ఎందుకంటే ఏటా కొనే బేరగాడు ఈ ఏడూ వస్తాడు, అతనికి ఇవ్వాల్సిందీ ఆ పురిలోంచే. ప్రపంచం మొత్తానికి వేసేటప్పుడు ఈ బాధ లేదు, ఒకరి ఎగుమతి మరొకరి దిగుమతి అయిపోతుంది.

ఇప్పుడు అసలు పట్టిక. అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి నెలా రెండో వారం ప్రాంతంలో, వాషింగ్టన్‌లో మిట్టమధ్యాహ్నం వేళ 'వాస్డే' (ప్రపంచ వ్యవసాయ సరఫరా, గిరాకీ అంచనాలు) అనే నివేదిక విడుదల చేస్తుంది. మనకు అది వేసవిలో రాత్రి 9.30, చలికాలంలో 10.30. ఉచితంగా దొరుకుతుంది. అందులో 2023–24 బియ్యం వరుసను కోట్ల టన్నుల్లోకి గుండ్రంగా కుదిస్తే ఇలా వస్తుంది. ప్రపంచ వినియోగం 52, చివరి నిల్వ 18. కాగితం, పెన్సిల్ తీసుకోండి, నాతో పాటు వేయండి.

18ని 52తో భాగిస్తే 0.346, గుండ్రంగా 35 శాతం. ఆ 0.346ను 365తో గుణిస్తే 126 రోజులు. ఈ ఏడాది ఎక్కడా ఒక్క గింజ పండకపోయినా ప్రపంచం నాలుగు నెలలు తింటుందన్నమాట. 1970ల్లో ఎఫ్‌ఏఓ మొత్తం తిండిగింజలకు 17–18 శాతం నిల్వ ఉంటే గండం గడుస్తుందని ఒక గీత గీసింది. దాని పక్కన పెట్టి చూస్తే 35 దివ్యంగా ఉంది. చాలామంది ఇక్కడే పట్టిక మూసేస్తారు. మీరు మూయకండి.

ఆ 18లో 10 కోట్లు చైనావి. చైనా తన గోదాముల లెక్క బయటపెట్టదు, కాబట్టి ఈ 10 కూడా బయటివాళ్ల అంచనాయే. అదలా ఉంచినా, ఆ నిల్వ చైనా ప్రజల కోసం పెట్టుకున్నది. ఎక్కడో ధర పెరిగిందని దాన్ని ఓడకెక్కించరు. కాబట్టి చైనాను రెండు వైపులా తీసేయండి. నిల్వ 18లో 10 పోగా 8. వినియోగం 52లో చైనా తినే 15 పోగా 37. నిష్పత్తి 22 శాతం, అంటే 79 రోజులు.

ఇప్పుడు భారత్‌ను కూడా తీసేయండి. మన నిల్వ 4, మన వినియోగం 12. మిగిలిన ప్రపంచానికి నిల్వ 4, వినియోగం 25. నిష్పత్తి 16 శాతం, 58 రోజులు.

నాలుగు నెలలు కాస్తా రెండు నెలల లోపుకు వచ్చింది. గింజ ఒక్కటీ తగ్గలేదు. ఎవరి గాదెలో ఉందో అడిగాం, అంతే. మా చెల్లెలికి నేను చెప్పాల్సిన జవాబు ఈ రెండు అంకెల మధ్య ఉంది: ఉన్నాయమ్మా, కానీ బయటికి రావు.

రెండో నైపుణ్యం మొదటిదానికి తోడు. పండిన దానిలో ఎంత సరిహద్దు దాటుతుందో చూడటం. గోధుమలో నాలుగో వంతుకు పైగా దేశాలు దాటుతుంది. బియ్యంలో ఆ వాటా పదో వంతు మాత్రమే, 52 కోట్లలో 5.5 కోట్ల టన్నులు. ఆసియాలో ఎవరు పండించింది వాళ్లే తింటారు, మిగిలింది అమ్ముతారు. దీన్ని నేను సన్నని బజారు అంటాను. ఊళ్లో అందరూ సొంత పాడి ఉన్నవాళ్లే అయినప్పుడు పాలు కొనుక్కునే నాలుగిళ్ల పరిస్థితి ఊహించండి. అమ్మే ఒక్క ఇంట్లో గేదె ఎండితే ఆ నాలుగిళ్లలోనూ పిల్లలకు పాలుండవు, ఊళ్లో పాలు పుష్కలంగా ఉన్నా సరే.

2022లో ఆ 5.5 కోట్లలో సుమారు 2.2 కోట్లు భారత్ అమ్మినవే, నూటికి 40 పాళ్లు. తర్వాతి స్థానాల్లో ఉన్న థాయిలాండ్, వియత్నాం రెండూ కలిసినా అంత కావు.

ఇక్కడ 2008 గురించి కాస్త ఆగి చెప్పాలి. ఈ పద్దు ఎలా చదవాలో నాకు నేర్పింది ఆ ఏడాదే. 2007–08లో ప్రపంచ వరి పంట అప్పటికి రికార్డు. ప్రపంచం మొత్తం మీద చూస్తే పంటకు లోటు లేదు. అయినా 2007 చివర్లో టన్ను 350 డాలర్ల దరిదాపుల్లో ఉన్న థాయ్ బియ్యం 2008 ఏప్రిల్, మే నాటికి 1000 డాలర్లు దాటింది.

మొదలైంది గోధుమతో. 2006, 2007ల్లో మన దేశం గోధుమలు దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది, బయట వాటి ధర మండిపోతోంది. రేషన్‌లో గోధుమ బదులు బియ్యమే ఎక్కువ ఇవ్వాలంటే బియ్యం ఇంట్లో ఉండాలి. 2007 అక్టోబరులో ఢిల్లీ బాస్మతి కాని బియ్యం ఎగుమతులు ఆపింది, తర్వాత కనీస ఎగుమతి ధర పెట్టి దాన్ని పెంచుకుంటూ పోయింది, 2008 ఏప్రిల్‌లో పూర్తిగా నిషేధించింది. వియత్నాం కొత్త ఒప్పందాలు ఆపేసింది. అప్పట్లో అందరికంటే ఎక్కువ బియ్యం కొనే ఫిలిప్పీన్స్ బెదిరిపోయింది. ఏప్రిల్‌లో 5 లక్షల టన్నులకు టెండరు పిలిస్తే అడిగినంత రాలేదు, వచ్చిన కొటేషన్లలో 1000 డాలర్లు దాటినవి ఉన్నాయి. ఆ అంకె చూసి మిగతా దేశాలూ ఇళ్లూ కొని దాచుకోవడం మొదలుపెట్టాయి. హైతీలో ఆకలి అల్లర్లు చెలరేగి ఏప్రిల్‌లో ప్రధాని పదవి పోగొట్టుకున్నారు.

ధర దిగిన తీరు ఇంకా ముఖ్యం. ప్రపంచ వాణిజ్య ఒప్పందం ప్రకారం జపాన్ ఏటా కొంత బియ్యం దిగుమతి చేసుకుని తీరాలి. అక్కడివాళ్లు వాటిని పెద్దగా తినరు. అలా గోదాముల్లో 15 లక్షల టన్నుల దాకా పోగుపడ్డాయి. వాటిని ఫిలిప్పీన్స్ లాంటి దేశాలకు ఇచ్చే మాట మే నెలలో బయటికొచ్చింది, అమెరికా కూడా అడ్డు చెప్పనంది. ఓడ కదలకముందే ధర జారడం మొదలైంది. తర్వాత ఆ బియ్యంలో చాలా భాగం కదలనే లేదు. ప్రపంచ వినియోగంలో రెండు రోజుల తిండి కూడా కాని నిల్వ అది. వాటిని ఇస్తారన్న నమ్మకమే దాచుకున్నవాళ్ల చేత మూటలు విప్పించింది. పట్టికలో నిల్వ అనే గడిలో అంకె చూసినప్పుడల్లా ఆ గోదాము తలుపు తెరుచుకుంటుందా అని నేను అడుగుతున్నది అప్పటి నుంచే.

2023కి తిరిగి వస్తే, కథ చాలావరకు అదే. అంతకు ముందు ఏడాదిలో దేశంలో బియ్యం చిల్లర ధర 11.5 శాతం పెరిగిందని నిషేధం రోజున ప్రభుత్వమే చెప్పింది. ఎల్‌నినో భయం తోడైంది. ఎన్నికలు ముందున్నాయి, ఆ లెక్క కూడా ఉందనే నేననుకుంటాను. ఆగస్టులో ఎఫ్‌ఏఓ బియ్యం ధరల సూచీ ఒక్క నెలలో 9.8 శాతం ఎగబాకి 15 ఏళ్ల గరిష్ఠానికి చేరింది. 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తేశారు. 2025లో థాయ్ ధర 400 డాలర్ల లోపుకు దిగింది.

ఈ నిషేధంలో ఒక సంగతి పట్టిక చెప్పదు, గుర్తుంచుకోవాలి. బియ్యం అన్నది ఒకే సరుకు కాదు. ఉప్పుడు బియ్యం, బాస్మతి ఆ రోజు నిషేధంలో లేవు. సోనా మసూరి పచ్చి బియ్యం కాబట్టి చిక్కుకుంది, అందుకే దెబ్బ తెలుగు వాళ్ల వంటింటికి తగిలింది. కానీ అమెరికాలో మనవాళ్లు ఇంకో రకం కొనుక్కోగలరు. కాకినాడ నుంచి బియ్యం ఓడలు ఎక్కువగా పోయే పశ్చిమ ఆఫ్రికాలో అలా కుదరదు.

సెనెగల్‌ను చూడండి. మనం నూకలని కోళ్లకు వేసేవి, జావకు పెట్టుకునేవి అక్కడ ముఖ్యమైన తిండి. చేపలతో, కూరగాయలతో వండే వాళ్ల జాతీయ వంటకం 'చెబు జెన్'కు నూకలే కావాలి, 2021లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. భారత్ 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపినప్పుడు ఇక్కడ కారణం పశువుల, కోళ్ల దాణా ధర, ఇంధనానికి ఇథనాల్ తయారీ. అక్కడ దెబ్బ తగిలింది మధ్యాహ్నం భోజనానికి. ఆ నిషేధం 2025 మార్చి దాకా సాగింది. ప్రపంచ పట్టికలో నూకలకు విడిగా గడి లేదు.

ఒక జాగ్రత్త చెప్పి అభ్యాసంలోకి వెళ్దాం. చివరి నిల్వ అంటే ఒకే రోజున ప్రపంచమంతా తూచింది కాదు. ప్రతి దేశానికీ దాని పంట ఏడాది ముగిసిన రోజు వేరు. మనకది సెప్టెంబరు ఆఖరు, కొత్త వడ్లు రావడానికి ముందు పురి అడుగంటే సమయం. ఆ 18 కోట్లు వేర్వేరు తేదీల కూడిక. అలాగే వినియోగం ఎవరూ ఇంటింటికీ వెళ్లి కొలిచింది కాదు, మిగతా గడులన్నీ నింపాక చాలా దేశాల్లో తేడాగా తేలేది అదే. కాబట్టి ఒకటి రెండు శాతం మార్పు చూసి కంగారు పడకండి. నెల నెలా ఏ వైపు కదులుతోందో చూడండి.

అభ్యాసం గోధుమ మీద. వాస్డేలో 2021–22 గోధుమ పట్టిక తీయండి. మొదట ప్రపంచ నిష్పత్తి కట్టండి, రోజుల్లోకి మార్చండి. తర్వాత చైనాను రెండు వైపులా తీసేసి మళ్లీ కట్టండి. మూడోసారి పెద్ద ఎగుమతి దేశాలను మాత్రమే ఉంచండి: రష్యా, ఐరోపా సమాఖ్య, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా, ఉక్రెయిన్, అర్జెంటీనా. వీటికి ఇంటి వాడకం, ఎగుమతి రెండూ కలిపి భాగించాలని మరవకండి. రష్యా, ఉక్రెయిన్ వరుసల మీద పెన్సిల్‌తో గీత గీసి నాలుగోసారి కట్టండి, 2022 ఫిబ్రవరి తర్వాత నల్ల సముద్రం రేవులకు ఓడలు రాలేదనుకుని.

నాలుగు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాక ఈ ప్రశ్నకు నాలుగైదు వాక్యాల్లో జవాబు రాయండి: గోధుమ ఎగుమతుల్లో భారత్ ఎన్నడూ పెద్ద దేశం కాదు. అయినా 2022 మే 13న మన ప్రభుత్వం గోధుమ ఎగుమతిని నిషేధిస్తే, వెంటనే వచ్చిన సోమవారం షికాగో మార్కెట్‌లో ధర ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ పెరుగుదలను ఎందుకు తాకింది? 4వ పాఠం మీ జవాబు దగ్గరే మొదలవుతుంది.