కెథడ్రల్ విండో క్విల్ట్ చేత్తో కుట్టడం ఎలా?

కెథడ్రల్ విండోని క్విల్ట్ అని పిలుస్తారు గానీ, మామూలు క్విల్ట్‌లో, అంటే పొరల మధ్య దూది పెట్టి కుట్టే దుప్పటిలో, ఉండేవేవీ ఇందులో ఉండవు. మధ్యలో దూది లేదు, వెనక అస్తరు లేదు, పొరల్ని కలిపి పొడిచే కుట్టు లేదు. చదరపు గుడ్డముక్కని రెండుసార్లు మడుస్తాం. అలా మడిచిన చదరాల్ని పక్కపక్కన కలుపుతాం. అతుకు మీద ఒక రంగు ముక్క పెట్టి, మడత అంచుల్ని దాని మీదికి తిప్పి కుడతాం. పెద్ద చర్చిల్లో రంగు అద్దాల కిటికీ ఎలా ఉంటుందో, వంపు తిరిగిన చట్రంలో రంగు ముక్క అలా కూర్చుంటుంది.

మడవడం తేలిక. కలపడం కూడా తేలికే. పని పాడయ్యేది చివర్లో, అంచు తిప్పే చోట. కాబట్టి ముందు దశలు గబగబా చెప్పేసి అక్కడ ఆగుదాం.

కావలసినవి

మొదటిసారి 16 అంగుళాల దిండు గలీబుకి ముందు భాగం కుట్టండి. పూర్తి దుప్పటితో మొదలుపెట్టకండి. 16 చదరాలు, 24 కిటికీలు (రంగు ముక్క కూర్చునే చోట్లు) వస్తాయి. ఆ 24 పూర్తయ్యేసరికి చెయ్యి కుదురుతుంది.

చదరాలకి 44 అంగుళాల పన్నా ఉన్న సాదా నూలు గుడ్డ ఒక మీటరు చాలు. కోరా గుడ్డ గానీ, సన్న పాప్లిన్ గానీ. పాలియెస్టర్ కలిసింది వద్దే వద్దు, మడత నిలవదు. కిటికీలకి 2½ అంగుళాల నూలు ముక్కలు 24. మిగిలిపోయిన పీలికలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. చదరాల గుడ్డ రంగులోనే నూలు దారం, 9 లేదా 10వ నంబరు సన్న సూది, సన్న గుండుసూదులు, కత్తెర, స్కేలు, ఇస్త్రీ పెట్టె, సరిగ్గా 8 అంగుళాల చదరంగా కోసిన గట్టి అట్టముక్క. అంతే.

పెద్దది కుట్టాలనుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి: తయారైన వైశాల్యానికి నాలుగున్నర రెట్ల సాదా గుడ్డ పడుతుంది. 40 అంగుళాల చదరానికి 100 మడత చదరాలు, 180 కిటికీలు. బరువు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

కత్తిరించడం

గుడ్డలన్నీ ముందే ఉతికి ఆరబెట్టండి. రంగు ముక్కల్ని విడిగా ఉతకాలి; ఎరుపు, నీలం దిగితే తెల్ల చట్రం మీద ఆ మచ్చ ఇక పోదు. సాదా గుడ్డకి గంజి పెట్టకండి. గంజి పెడితే మడత కత్తిలా వస్తుందని చాలామంది పెడతారు. మడత వస్తుంది నిజమే, కానీ తర్వాత తిరగాల్సిన అంచు బిగుసుకుపోయి తిరగదు.

సాదా గుడ్డని 8½ అంగుళాల చదరాలుగా కత్తిరించాలి. చదరం పక్కలు పడుగు, పేక దారాల వెంట సూటిగా ఉండి తీరాలి. గుడ్డలోంచి ఒక దారం లాగితే సన్న గీత పడుతుంది, దాని వెంట కోయండి. కోశాక మూల నుంచి మూలకి మడిచి చూడండి. మిగతా రెండు మూలలూ ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఆ ముక్క పక్కన పెట్టేయండి, సర్దుబాటు చేద్దామని చూడొద్దు.

మడవడం

అట్టముక్కని గుడ్డ మధ్యలో పెట్టండి. ముందు నాలుగు మూలల కొనల్ని అట్ట మీదికి వంచి ఇస్త్రీ చేయాలి, తర్వాత నాలుగు పక్కల్నీ పావు అంగుళం చొప్పున మడవాలి. మూలలు ముందు వంచకపోతే ఆ దళసరి అంతా తర్వాత చదరం నడిమధ్యకి చేరుతుంది, అక్కడ సూది దిగదు. అట్ట తీసేస్తే 8 అంగుళాల చదరం మిగులుతుంది.

ఇప్పుడు పావు అంగుళం మడత పైకి కనిపించేలా పెట్టి, నాలుగు మూలల్నీ మధ్యకి తెచ్చి ఇస్త్రీ చేయండి. పక్క కొలిస్తే 5⅝ అంగుళాల కంటే వెంట్రుకవాసి ఎక్కువ రావాలి. తిరగేయకుండా, అదే వైపు, కొత్త మూలల్ని మళ్లీ మధ్యకి మడవండి. ఇప్పుడు పక్క సరిగ్గా 4 అంగుళాలు. ఇస్త్రీ పెట్టెని పైనుంచి దించి అదమాలి, ఎత్తాలి. జరపకూడదు. జరిపితే ఏటవాలు అంచు సాగుతుంది, చదరం కాస్తా గాలిపటం ఆకారంలోకి పోతుంది.

మధ్యలో కలిసిన నాలుగు కొనల్నీ ఎదురెదురుగా పట్టుకుని, అడుగు పొరదాకా సూది దించి, రెండుసార్లు కూడిక గుర్తులా కుట్టి వెనక ముడి వేయండి. కొనల మధ్య ఖాళీ కనిపించకూడదు. పదహారు చదరాలూ ఇలాగే తయారుచేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి. 2 మిల్లీమీటర్లు తేడా ఉన్నదాన్ని విప్పి మళ్లీ మడవాల్సిందే. కలిపేటప్పుడు లాగి సర్దితే ఆ లాగుడు కిటికీలో ముడతగా బయటపడుతుంది.

మిషను మీద సంచిలా కుట్టి, లోపలికి బయటికి తిరగేసే పద్ధతి ఒకటుంది. అది త్వరగా అవుతుందంటారు. తిరగేశాక మూలలు పొడుచుకు రావడానికి ఏదో ఒక మొనతో పొడవాల్సి వస్తుంది, ఆ పొడుపుకి ఏటవాలు అంచులు సాగిపోతాయి. పైగా కుట్టు పావు అంగుళం నుంచి కాస్త జరిగినా చదరం కొలత మారిపోతుంది. అట్ట పెట్టి ఇస్త్రీ చేస్తే ప్రతి చదరం ఒక్కలాగే వస్తుంది. చేత్తో కుట్టే పనికి ఇదే పద్ధతి.

కలపడం

రెండు చదరాల నున్నటి వీపులు ఒకదానికొకటి తాకేలా, మడతలు బయటికి కనిపించేలా పట్టుకోండి. అంచు మీదుగా చిన్న చిన్న కుట్లు వేస్తూ కలపండి, అంగుళానికి పన్నెండు దాకా పడాలి. మొదట, చివర రెండేసి కుట్లు అదనంగా వేయాలి. నాలుగు చదరాలు కలిసే మూలని కప్పడానికి రంగు ముక్క ఉండదు, ఆ కుట్లే దాన్ని మోయాలి. మడతలు లోపలికి పెట్టి కుట్టేవాళ్లూ ఉన్నారు. అలా కుడితే అతుకు గట్టు వెనకవైపు తేలుతుంది. ఇలా కుడితే గట్టు ముందుకి వచ్చి రంగు ముక్క కింద దాక్కుంటుంది, వెనకవైపు నున్నగా ఉంటుంది. అస్తరు లేని పనికి వీపు శుభ్రంగా ఉండాలి కదా.

నాలుగేసి చదరాల వరసలు కుట్టి, వరసల్ని కలపండి. పదహారూ కలిశాకే కిటికీలు మొదలుపెట్టాలి. కిటికీ పడ్డాక అతుకు విప్పాలంటే కిటికీ కూడా విప్పాల్సి వస్తుంది. పెద్ద దుప్పటి అయితే ఇలాంటి 16 చదరాల ముక్కల్ని విడివిడిగా పూర్తిచేసి చివర కలపండి. రెండు ముక్కలు కలిసే గీత మీద కొత్తగా నాలుగు కిటికీలు వస్తాయి.

అంచు తిప్పడం

కుట్టబోయే ముందు ఇక్కడ ఏం జరుగుతుందో అర్థం కావాలి. గుడ్డని పడుగు దారం వెంట లాగండి, సాగదు. మూల నుంచి మూలకి లాగండి, సాగుతుంది. టైలర్లు దాన్నే క్రాస్ అంటారు. మొదటి మడతలో ఏర్పడిన అంచులన్నీ క్రాస్ మీదే ఉంటాయి, రెండో మడత తర్వాత అవే చదరం మూలల నుంచి మధ్యకి గీతల్లా పరుచుకుంటాయి. కిటికీకి నాలుగు పక్కలా ఉండేవి ఈ అంచులే. క్రాస్ కాబట్టే అవి ముడత పడకుండా వంపు తిరుగుతాయి. అదే గుణం వల్ల కాస్త బలంగా లాగినా సాగిపోతాయి, సాగింది పూర్తిగా వెనక్కి రాదు. గుడ్డ పడుగు వెంట కోయాలని అంత గట్టిగా చెప్పింది ఇందుకే. వంకరగా కోసిన చదరంలో ఒక అంచు తిరుగుతుంది, పక్క అంచు మొండికేస్తుంది.

రెండు చదరాల అతుకు మీద, మూల మీద నిలబడిన చదరం కనిపిస్తుంది. దాని పక్క 2⅞ అంగుళాలకి రవ్వంత తక్కువ. అందులో 2½ అంగుళాల రంగు ముక్క పెడితే నాలుగు పక్కలా 4 మిల్లీమీటర్ల జాగా మిగులుతుంది. ఆ జాగాయే ఈ పనికి ప్రాణం. ముక్క పెద్దదైతే అంచు తిరగడానికి చోటు ఉండదు, వంపు సన్నబడి గీతలా మిగులుతుంది, ముక్క మధ్యలో బుడగలా ఉబ్బుతుంది. చిన్నదైతే కోసిన అంచు వంపు కింద చాలినంత దూరి ఉండదు, రెండు ఉతుకులకే పోగులు బయటికొస్తాయి. మొదటి కిటికీలో ముక్క ఉబ్బితే మిగతా ముక్కలన్నిటికీ ఒక్కో పక్క ఒక మిల్లీమీటరు తగ్గించండి, బలవంతంగా నొక్కి కుట్టొద్దు. రంగు ముక్కల నాలుగు మూలల్లోనూ 2 మిల్లీమీటర్ల కొన కత్తిరించేయాలి. మూల దగ్గర అంచు తిరిగేది కొంచెమే, కొన ఉంచితే తెల్ల మధ్యలో రంగు చుక్కలా పొడుచుకొస్తుంది.

ముక్క మధ్యలో ఒక గుండుసూది గుచ్చండి. తర్వాత నాలుగు అంచుల్నీ సరిగ్గా నడుమ దగ్గర మాత్రమే తిప్పి, ఒక్కో గుండుసూది పెట్టండి. నడుమ దగ్గర అంచు రంగు ముక్కని 4 మిల్లీమీటర్లు కప్పాలి. ఈ నాలుగు గుండుసూదులు పెట్టకుండా ఒక మూల నుంచి తిప్పుకుంటూ పోయేవాళ్లకే చివరి మూలలో ముడత వస్తుంది. చేతి కింద అంచు కొంచెం కొంచెంగా సాగుతూ ముందుకి జరిగి, ఆ మిగులు అంతా చివరికి పోగుపడుతుంది. నడుములు ముందే కట్టేస్తే జరిగేది పావు భాగంలోనే ఆగుతుంది.

దారం 20 అంగుళాలు, ఒంటి పోగు, ఒక కిటికీకి ఒక దారం. జంట పోగు బలమనుకుంటారు గానీ, అది మెత్తటి అంచు మీద గాట్లు పెడుతుంది. దారం రంగు ఎప్పుడూ చట్రం రంగే. ముడిని మడత కింద దాచి, మూల నుంచి పావు అంగుళం దూరంలో సూది పైకి తీయండి. అక్కడ పక్కపక్క అంచులు రెండింటినీ కలుపుతూ రెండు చిన్న కుట్లు గట్టిగా వేయాలి. ఈ అడ్డ కుట్టు మరిచిపోయిన కిటికీ వాడుకలో మూల దగ్గర నోరు తెరుస్తుంది.

అక్కడి నుంచి ఎడమ బొటనవేలితో అంచుని మెల్లగా ముందుకి దొర్లించాలి. దొర్లించడం అంటే నెట్టడం, లాగడం కాదు. మూల దగ్గర రవ్వంత, నడుమకి వచ్చేసరికి పూర్తిగా, మళ్లీ మూలకి తగ్గుతూ ఉంటే వంపు దానంతట అదే వస్తుంది. సూది మడత అంచులోంచి రావాలి, దానికి ఎదురుగా రంగు ముక్కనీ దాని కింద ఒకటి రెండు పొరల్నీ పట్టుకోవాలి, మళ్లీ మడతలోకి వెళ్లాలి. కుట్టుకి కుట్టుకి 3 మిల్లీమీటర్లు. ఎడమ చూపుడువేలు ఎప్పుడూ వెనకే ఉండాలి. సూది మొన వేలికి తగిలిందంటే అడుగు పొరదాకా దిగిందన్నమాట, ఆ కుట్టు వెనక్కి తీసేయండి. దారం గుడ్డ మీద ఒదిగితే చాలు. బిగిస్తే వంపు మీద పళ్లు పడతాయి.

మూలకి రాగానే అడ్డ కుట్టు, దారం తెంపకుండా మడత కిందుగా పక్క అంచుకి, మళ్లీ మొదలు. నాలుగు పక్కలూ అయ్యాక ముడి వేసి, సూదిని పొరల మధ్యనుంచి అంగుళం దూరం పోనిచ్చి దారం తెంపండి.

పక్క కిటికీ కుట్టాక రెండు కిటికీల మధ్య తెల్లటి రేక ఏర్పడుతుంది. రేకలు ఒకటి లావుగా ఒకటి సన్నగా ఉంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ముక్క మధ్యలో కూర్చోకపోవడంలోనే ఉంటుంది. రేక మొన దగ్గర ముడత ఉంటే అంచు సాగింది. ముడత పడిన ఆ పక్క ఒక్కదాన్నే విప్పి, తడి వేలితో అద్ది, కాసేపు ఆరనిచ్చి మళ్లీ తిప్పండి. కొంత వెనక్కి వస్తుంది. రంగు ముక్క కింద దూది పెడితే ఇంకా అందంగా ఉబ్బుతుందని కొందరు పెడతారు. కింద ఇప్పటికే నాలుగు పొరలున్నాయి, దూది పెడితే అంచుకి పట్టు దొరకదు.

చివరి అంచులు

చుట్టూ అంచున కిటికీ కాలేని త్రికోణాలు మిగులుతాయి. రంగు ముక్క పెట్టకుండానే వాటి అంచుల్ని కూడా అలాగే వంపుగా తిప్పి కుట్టేయండి. బయటి పక్కలన్నీ మడతలే కాబట్టి విడిగా పట్టీ కుట్టే పని లేదు.

ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్లలో ముంచి తీయండి, పిండకండి. తీగ మీద వేలాడదీయవద్దు. తడిసిన నాలుగు పొరల బరువుకి క్రాస్ అంచులు కిందికి జారిపోతాయి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి. ఇస్త్రీ మందపాటి తువ్వాలు మీద బోర్లా పెట్టి వెనకవైపే చేయాలి. ముందువైపు చేస్తే వంపులు అణిగి కాగితంలా అతుక్కుపోతాయి.