మాట తెలుగులో, కాగితం ఒడియాలో: రాజీకి కూర్చునే ముందు జాగ్రత్తలు

లోక్ అదాలత్ తేదీ దగ్గర పడిందంటే ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగిళ్ళలో ఒక కబురు తప్పకుండా వినబడుతుంది. పొలం తగువు తెగిపోయిందని ఆ రోజు స్వీట్లు పంచుకుంటారు. రాజీ కాగితం నకలు చేతికొచ్చాక ఒడియా వచ్చినవాళ్ళ చేత చదివిస్తే గుండె జారిపోతుంది. నలభై సెంట్లని మాట్లాడుకున్నది నాలుగని ఉంటుంది. బోరు దగ్గరికి దారి వదులుతామన్న మాట ఎక్కడా ఉండదు. ఇకమీదట ఏ హక్కూ అడగనన్న వాక్యం మాత్రం ఉంటుంది.

మాట్లాడుకున్నది తెలుగులో, రాసింది ఒడియాలో, సంతకం చదివించుకోకుండా. కుటుంబాలను దెబ్బతీస్తున్నది ఈ ఒక్క తప్పే. వేళకు వెళ్ళండి, గొంతు పెంచకండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు.

మీరు కూర్చుంటున్నది ఎక్కడ

ముందు ఇది తేల్చుకోండి. ఊరి పెద్దమనుషుల దగ్గర రాసుకున్న కాగితం ఒక ఒప్పందం, అంతవరకే. అవతలివాళ్ళు మాట తప్పితే దాన్ని పట్టుకుని మళ్ళీ కోర్టుకు పోవలసిందే. కోర్టు పంపిన మీడియేషన్‌లో రాజీ కుదిరితే ఆ కాగితం జడ్జి ముందుకు వెళ్ళి డిక్రీ, అంటే అమలు చేయించుకోగల కోర్టు తీర్పు, అవుతుంది. లోక్ అదాలత్‌లో అయితే అక్కడ రాసిచ్చే అవార్డే డిక్రీ. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని మీద అప్పీలు లేదు. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అది మంచిదే. కానీ మోసం జరిగిందనుకుంటే మిగిలే దారి కటక్ హైకోర్టులో రిట్ ఒక్కటే. గుణుపురం నుంచో జయపురం నుంచో కటక్‌కు తిరగడం, అక్కడ ప్లీడరును పెట్టుకోవడం ఎంతమందికి సాధ్యం? అందుకే సంతకానికి ముందు గడిపే అరగంట అంత విలువైనది.

మీడియేటరు తీర్పు చెప్పరు, సాక్షులను విచారించరు. ముందు ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారు, తరవాత విడివిడిగా మాట్లాడతారు. విడిగా మాట్లాడినప్పుడు "ఇది వాళ్ళకు చెప్పవద్దు" అని మీరంటే ఆ మాట అక్కడే ఆగాలి. రాజీ కుదరకపోయినా అక్కడ అన్నదాన్ని కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. బయట మీరు పంపుకున్న వాట్సాప్ మెసేజీలకు మాత్రం ఈ రక్షణ ఉంటుందని నమ్ముకోకండి.

సంచిలో ఏముండాలి

ఖతియాన్ (భూమి హక్కుల రికార్డు) తాజా నకలు, శిస్తు రశీదులు, మ్యాపు, పాత దస్తావేజులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ కిందివి. కాబట్టి తాతల నాటి కాగితాలు తెలుగులో దొరికే ఇళ్ళున్నాయి. వాటిలోని పాత నెంబరూ ఇప్పటి ప్లాట్ నెంబరూ ఒకటేనని అనుకోవద్దు. తహసీల్ ఆఫీసులో ముందే సరిచూపించుకుని, రెండూ పక్కపక్కన ఒక కాగితం మీద రాసుకోండి.

పేర్లు చూడండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడి రికార్డుల్లో చివర రాస్తారు. ఖతియాన్‌లో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉంటే, రాజీ అయ్యాక మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) దగ్గర ఫైలు ఆగుతుంది. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని ఒప్పందంలోనే ఒక వాక్యం రాయించండి.

కొలతల్లో "గుంట" అన్న మాట రానివ్వకండి. ఒడిశా లెక్కలో 25 గుంటలు ఒక ఎకరం, తెలంగాణ, మహారాష్ట్ర లెక్కలో 40. అదే మాట ఒకచోట నాలుగు సెంట్లు, మరోచోట రెండున్నర. ఒడిశా డిసిమిల్, మన సెంటు మాత్రం ఒకటే: ఎకరంలో నూరోవంతు, 435.6 చదరపు అడుగులు. కాబట్టి ఎకరాలు, డిసిమిళ్ళలోనే రాయించండి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. 0.40కీ 0.04కీ తేడా ఒక్క సున్నా చోటు మారడమే. ఒడియా అంకె నాలుగు మన కంటికి పైన విడిపోయిన ఎనిమిదిలా కనబడుతుంది. పాత ఖతియాన్ నుంచి చూసి రాసేటప్పుడు తెలుగువాళ్ళు పొరబడేది అక్కడే.

ఇంకో చిన్న కాగితం మీద మూడు సంగతులు రాసి జేబులో పెట్టుకోండి: మీరు అడిగేది, అంతకు తగ్గితే ఒప్పుకోలేనిది, రాజీ కాకపోతే కేసు మీద అయ్యే ఖర్చు, పట్టే కాలం. రెండోది అవతలి పక్షానికి గానీ, వాళ్ళతో కూర్చుని టీ తాగే మీ బావమరిదికి గానీ తెలియనివ్వకండి.

సంతకం

చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. "చదివించుకోవడం" అంటే ప్లీడరు గుమస్తా వరండాలో నిలబడి, పేజీలు తిప్పుతూ "అదేనమ్మా, మనం అనుకున్నదే" అని చెప్పడం కాదు. ఒడియా, తెలుగు రెండూ చదవగలిగిన మీ మనిషిని వెంట తీసుకెళ్ళండి. అతను ఒక వాక్యం ఒడియాలో చదవాలి, తెలుగులో చెప్పాలి, మీరు దాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పలేకపోయారంటే ఆ వాక్యం అర్థం కాలేదన్నమాట, అక్కడే ఆగండి. అంకెలు, తేదీలు, ప్లాట్ నెంబర్లు ముందు. తరవాత "వదులుకుంటున్నాను", "ఇకమీదట" అన్న అర్థం వచ్చే వాక్యాలు. రెండు పేజీల కాగితానికి అరగంట పడుతుంది. పట్టనివ్వండి.

చివరి పేజీలో సంతకాల పైన ఒక వరుస చూడండి. చదివి వినిపించగా అర్థం చేసుకుని, ఇష్టపూర్వకంగా సంతకం చేస్తున్నానని ఉంటుంది. అది ముందే టైపు చేసి ఉంటుంది. చదవకుండా దాని కింద సంతకం పెడితే, "నాకు ఒడియా రాదు, నన్ను మోసం చేశారు" అని రేపు అన్నప్పుడు ఆ వరుసే మీకు అడ్డం వస్తుంది. వేలిముద్ర వేసే పెద్దవాళ్ళ విషయంలో ఇది మరీ ప్రమాదం.

తెలుగు ప్రతి ఒకటి రాయించి, దాని మీద కూడా ఇరుపక్షాల సంతకాలు అడగండి. "ఇంట్లో చూపించి మళ్ళీ వస్తాను" అనే హక్కు మీకుంది. రాజీ అనేది ఇష్టం మీద జరిగేది, మీరు పెన్ను పట్టుకునేదాకా ఎవరూ బలవంతం చేయలేరు. తొందర పెడుతున్నారంటే మరింత నిదానించండి.

ఇక మిగిలినవి:

అవతలి పక్షం తెచ్చిన మనిషిని దుబాసీగా ఒప్పుకోవద్దు. మర్యాద కోసం కూడా.

ఖాళీలు వదిలిన కాగితం మీద సంతకం వద్దు. తెల్ల కాగితం, ఖాళీ స్టాంపు పేపరు అసలే వద్దు.

"త్వరలో", "పంట వచ్చాక", "వీలు చూసుకుని" కొట్టేయించండి. తేదీ రాయించండి. తప్పితే ఏమవుతుందో కూడా రాయించండి.

చెక్కులు ఇస్తామంటే నెంబరు, తేదీ, బ్యాంకు, మొత్తం ఒప్పందంలోకి ఎక్కాలి. బౌన్సు అయితే, బ్యాంకు తెలిపిన 30 రోజుల్లోగా చెక్కు ఇచ్చినవాళ్ళకు రాతపూర్వక నోటీసు వెళ్ళాలి.

పెద్దలు మాట్లాడుతున్నారు కదా అని ప్రోనోటు మూడేళ్ళు దాటనివ్వకండి. మాటలు నడుస్తున్నంత మాత్రాన గడువు ఆగదు. గడువు లోపల బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసిచ్చారంటే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి.

ఆడపిల్లల్ని వదిలేసి పంపకం రాసుకోవద్దు. 2005 సెప్టెంబరు 9 సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్క సంతకం లేని రాజీ రేపటి దావాకు విత్తనం.

మైనరు వాటా ఉంటే, నడుస్తున్న దావాలో కోర్టు అనుమతి లేకుండా గార్డియన్ రాజీపడకూడదు.

దావాలో లేని భూమి రాజీలోకి వస్తే ఆ భాగానికి రిజిస్ట్రేషన్ కావాలి. చేయించండి.

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నబరంగపూర్ జిల్లాలు పూర్తిగా, గజపతిలో కొంత భాగం షెడ్యూల్డ్ ఏరియా. గిరిజనుల భూమిని రాజీ పేరుతో గిరిజనేతరులు రాయించుకోవద్దు. 1956 నాటి 2వ రెగ్యులేషన్ కింద అది చెల్లదు, డబ్బూ పోతుంది.

వరకట్న వేధింపుల కేసు, పాత 498ఎ, ఒడిశాలో రాజీ కాగితంతో దానంతటది కొట్టుడుపోదు. హైకోర్టు దాకా వెళ్ళాలి. డబ్బు మొత్తం ముందే చేతులు మారనివ్వకండి, వాయిదాలను కేసు దశలకు ముడిపెట్టండి.

ప్లీడరు లేరని భయపడవద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. కోరాపుట్ జిల్లావాళ్ళు జిల్లా కోర్టు జయపురంలో ఉందని గుర్తుపెట్టుకోండి.

కళ్ళజోడు మరిచిపోతే ఆ రోజు సంతకం వద్దు. మీకు చదివిపెట్టే మనిషి రాకపోతే వాయిదా అడగండి. సాయంత్రమైంది, అందరూ లేచిపోతున్నారు అంటే వాయిదా అడగండి. ఒక్క అంకె మీద అనుమానం ఉన్నా వాయిదా అడగండి.

చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు.

అవార్డు అయ్యాక ధ్రువీకరించిన నకలు తీసుకుని, మీ దగ్గరున్న తెలుగు ప్రతితో అంకె అంకె పోల్చి, సరిపోయాక తహసీల్ ఆఫీసులో మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టండి.